మంచె మీద జబ్బు జీతం

(ఉత్తర స్వీడన్. సెప్టెంబరు మొదటి సోమవారం, పొద్దున్నే. అడవిలో ఒక వేట మంచె. పైన మైవోర్, ఆమె తమ్ముడు హల్వార్.)

"ఆ ఫోను జేబులో పెట్టరా హల్వార్. అద్దం మీద ఎండ పడి తళతళలాడుతోంది. ఇక్కడున్నాం రమ్మని దుప్పికి సైగ చేస్తున్నట్టుంది."

"పెట్టలేనక్కా. ఇప్పుడో ఇంకాసేపట్లోనో వస్తుంది."

"దుప్పా?"

"ఫోను."

"ఎవరికి పుట్టిందిరా ఈ బుద్ధి, వేట మొదటి రోజు పొద్దున్నే ఫోను చెయ్యాలని?"

"జబ్బు జీతాల ఆఫీసు వాళ్ళు. ముందు పదింటికన్నారు. శుక్రవారం మళ్ళీ కబురు పెట్టి ఏడున్నరకన్నారు."

"ఇంట్లో కూర్చుని మాట్లాడలేకపోయావా?"

"ఇంట్లో సిగ్నలెక్కడుందక్కా? కొండకి ఇవతల మనకి ఈ మంచె ఒక్కటే దిక్కు."

"ఓహో. అందుకా తెల్లారగట్ల లేచి 'అక్కా, నేనూ వస్తా, నీ పక్కన కూర్చుంటా' అన్నావు? నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకుని రొట్టెల్లో వెన్న రెండింతలు రాశాను."

"ప్రేమా ఉంది, ఫోనూ ఉంది."

"చూడు, మంచె మన వేట జట్టుది, తుపాకీ నాది, దుప్పి అడవిది. మధ్యలో ఈ ఆఫీసేంట్రా? పోయినేడు ఏం జరిగిందో మర్చిపోయావా? మన వైపు రావాల్సిన దుప్పి, గుర్రం కంటే ఎత్తున్నది, వాగు దాటి అవతలి వాళ్ళ మంచె కిందికెళ్ళి నిలబడింది. వాళ్ళు దాన్ని కొట్టి, కొమ్ములు ఊరి హాల్లో గోడకి తగిలించి, సరిగ్గా వాటి కిందే బల్ల వేసి మనల్ని కాఫీకి పిలిచారు."

"కాఫీ బాగుంది."

"నువ్వు రెండు కప్పులు తాగావు, సిగ్గూ శరం లేకుండా. నాకైతే గొంతు దిగలేదు."

"నువ్వు కేకు తిన్నావుగా అక్కా."

"తినకపోతే కుళ్ళుకున్నాననుకుంటారని తిన్నాను. సరే, ఫోనులో ఏమడుగుతారు?"

"ఏం లేదు. మామూలే."

"మామూలంటే?"

"మామూలంటే మామూలే. ఎలా ఉన్నారు, ఏం చేస్తున్నారు, అవీ ఇవీ."

"ఎలా ఉన్నారని అడగడానికి గవర్నమెంటుకి నీ మీద అంత బెంగ ఎందుకురా? సరిగ్గా చెప్పు."

"దేశమంతా జబ్బు జీతాల ఖర్చు పెరిగిపోయిందటక్కా. రేడియో పెడితే అదే. ఈ నెల్లోనే బడ్జెట్టు. అందుకని జబ్బు సెలవు ఆరు నెలలు దాటిన వాళ్ళందరికీ ఫోను చేసి కనుక్కోమని పైనుంచి ఆదేశం."

"పేపర్లో వేసే ఆ ఖర్చు గీత ఎప్పుడు కుదురుగా ఉంది గనక? నా పెళ్ళప్పుడు పెరిగింది, విడాకులప్పుడు తగ్గింది, మోకాలి ఆపరేషనప్పుడు మళ్ళీ పెరిగింది. పెరిగిందనుకో, జనం సోమరులైపోయారంటారు. తగ్గిందనుకో, మేం పెట్టిన రూలు పనిచేసిందంటారు. జనానికి నిజంగానే జబ్బు చేసిందేమో, నిజంగానే నయమైందేమో అని ఒక్కడంటే ఒక్కడు అనడు."

"నువ్వు రేడియోలో మాట్లాడాల్సిందక్కా."

"పిలిస్తే వెళ్తాను. మన యూర్గెన్ సంగతే చూడు. యాభై శాతం జబ్బని రాయించుకున్నాడు. యాభై శాతమంటే ఏ సగంరా నాయనా, పైసగమా కిందిసగమా అనడిగితే, మధ్యాహ్నం సగం అన్నాడు. పొద్దున కర్రల మిల్లులో నిక్షేపంగా ఉంటాడట, పన్నెండు కొట్టగానే జబ్బట."

"అది డాక్టరు రాసిన శాతం అక్కా. అలాగే రాస్తారు."

"నీదెంత?"

"నూరు. బుర్ర పూర్తిగా అలిసిపోయిందని రాశాడు."

"నువ్వెప్పుడూ అంతే, బళ్ళో లెక్కలకి తప్ప అన్నిటికీ నూరు. సరే, ఆ ఫోనులో నువ్వేదో తప్పు మాటన్నావనుకో. ఆపేస్తారా?"

"ఆపెయ్యొచ్చు."

"ఆపేస్తే?"

"వచ్చే సోమవారం బడి వంటింట్లో ఉండాలి."

"ఉండగలవా?"

"రొట్టె ఇటివ్వక్కా."

"నిన్నే అడుగుతున్నాను. అసలు ఆ రోజు ఆ వంటింట్లో ఏం జరిగిందిరా? ఇంటికొచ్చి మూడ్రోజులు గోడ చూస్తూ పడుకున్నావు."

"కాఫీ పొయ్యక్కా, చలిగా ఉంది."

"పోస్తాలే. ఎక్కడున్నారని అడిగితే ఏం చెప్తావు?"

"మంచంలో ఉన్నానంటాను."

"మంచెని మంచం చేసేశావన్నమాట. అక్షరమేగా తేడా, పోనీలే. అయినా భయమెందుకురా నీకు? అడవిలో కూర్చోమని డాక్టరే చెప్పాడుగా?"

"అడవిలో కూర్చోమన్నాడు. వేటలో కూర్చోమనలేదు."

"తుపాకీ నా చేతిలో ఉంది. నువ్వు చేతులు ముడుచుకుని చెట్లు చూస్తున్నావు. ఇది వేటెలా అవుతుంది?"

"కాగితం మీద అవన్నీ రాయరక్కా. వేట మంచె మీద ఉన్నాడు అని రాస్తారు. చదివినవాడు ఏమనుకుంటాడు? వీడికి కొట్టడానికి దుప్పి కావాలి గానీ వండటానికి ఓపిక లేదంటాడు."

"అదీ నిజమే. ఉండు, మోగుతోంది. నాకూ వినబడేలా పట్టుకుని మెల్లగా మాట్లాడు. మన వేటకుక్క ఇంకా కొండ పైనే ఉంది, దుప్పిని కిందికి తోలడానికి టైము పడుతుంది. ఈలోగా తెమల్చు."

— హల్వార్ ఎడ్‌మార్క్ గారేనా? నా పేరు డిసా. జబ్బు జీతాల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను.

"చెప్పండి డిసా గారూ."

— మీ గొంతు సరిగ్గా వినబడటం లేదు.

"మంచంలో ఉన్నానండీ. గట్టిగా మాట్లాడే ఓపిక లేదు."

— పర్వాలేదు, పర్వాలేదు. నేనూ గట్టిగా మాట్లాడే పరిస్థితిలో లేను. పక్కన మీటింగు జరుగుతోంది.

"ఒరేయ్, ఇంత పొద్దున్నే మీటింగేంట్రా?"

"ష్, అక్కా."

— ఎవరైనా ఉన్నారా పక్కన?

"మా అక్కండీ. చూసుకోడానికొచ్చింది."

— మంచిది. మనిషి తోడుండాలి. కొన్ని ప్రశ్నలున్నాయి, మీకు తెలిసినట్టు చెప్పండి చాలు. అదేంటి, ఏదో పోస్తున్న చప్పుడు?

"మందండీ. మందు పోసుకుంటున్నాను."

— అందులో ఏదో పడ్డట్టుంది?

"మాత్ర."

"మన ఊళ్ళ అలవాటుగా కాఫీలో వేసిన జున్నుముక్కని మాత్ర చేశావు. నీ బుర్రకి అలసటేం లేదురా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"అక్కా, నీకు దణ్ణం పెడతా."

— రాత్రి మధ్యలో మెలకువ వస్తోందా హల్వార్ గారూ?

"ష్‌ఫ్."

— అవును. రాసుకున్నాను. చప్పుళ్ళు భరించలేకపోవడం అలాగే ఉందా?

"ష్‌ఫ్."

— అది కూడా అవును.

"ఒరేయ్ హల్వార్. ఒక్క క్షణం. ఫోను మీద చెయ్యి పెట్టు."

"ఏంటక్కా?"

"ఆవిడకి నీ అవును అర్థమైందిరా."

"అయితే ఏంటట?"

"అయితే ఏంటటా? ఊపిరి లోపలికి లాగి ష్‌ఫ్ అంటే అవునని ఈ కొండల్లో పుట్టినవాళ్ళకే తెలుసు. దక్షిణాది వాళ్ళయితే అయ్యో పాపం, ఉబ్బసం ఉందా అని అడుగుతారు. మా పెళ్ళికొచ్చిన స్టాక్‌హోమ్ వాళ్ళు, నేను ఒప్పుకున్నానని ష్‌ఫ్ అంటే మంచినీళ్ళు తెచ్చిచ్చారు."

"ట్రైనింగ్ ఇచ్చుంటారులే అక్కా, వదిలెయ్."

— హల్వార్ గారూ, ఉన్నారా?

"ఉన్నానండీ. దిండు సర్దుకుంటున్నాను."

— సరే. ఇప్పుడు అసలు సంగతి. ఆరు నెలలు దాటింది కాబట్టి రూలు మారుతుంది. మీరు మీ బడి వంటపని చెయ్యగలరా లేదా అన్నది కాదు ఇక. దేశంలో మామూలుగా దొరికే ఏ పనైనా చెయ్యగలరా అన్నది చూడాలి.

"మామూలుగా దొరికే పని అంటే ఏదండీ?"

— అది చెప్పడం కొంచెం కష్టమే. ఉదాహరణకి కూర్చుని చేసేది. చప్పుడు లేనిది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కర్లేనిది. ఒకచోట కదలకుండా కొన్ని గంటలు కూర్చోగలరా?

"జాగ్రత్తరా. ఇది వల."

"కూర్చోగలను. కూర్చోగలను గానీ, ఊరికే కూర్చోగలను. ఏదైనా చెయ్యమంటే కష్టం."

— చలిలో కూడానా?

"చలా? ఆఫీసులో చలెందుకుంటుందండీ?"

— మాటవరసకి అడిగాను. కొన్ని ఆఫీసుల్లో హీటర్లు పనిచెయ్యవు.

"ఒరేయ్, ఇప్పుడో కాకి మన నెత్తి మీదుగా అరుచుకుంటూ వాగు వైపు పోయిందా?"

"పోయింది."

"అది ఇప్పుడు నీ ఫోనులో అరుస్తోంది."

— ఏమంటున్నారు మీ అక్కగారు?

"ఏం లేదండీ, మీ దగ్గర ఏదో పక్షి అరుస్తోందంటోంది."

— కిటికీ తీసుందండీ. గాలాడటం లేదని తీశారు.

"హీటరు లేదంది. మళ్ళీ గాలాడటం లేదంటోంది. ఎలాంటి ఆఫీసురా అది?"

"అక్కా, నా నోటి దగ్గర కూడు పడగొట్టకు."

— ఈ మధ్య ఇలాంటి ఫోన్లు చాలా చెయ్యాల్సొస్తోందండీ. గీత పైకి పోతోంది కదా, పైవాళ్ళు కారణం అడుగుతున్నారు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్తారు. మీ బళ్ళో నలుగురు వంటవాళ్ళుండేవారు కదూ?

"ఉండేవాళ్ళం. తర్వాత ఇద్దరం."

— ఎందుకని?

"మునిసిపాలిటీ ఖర్చు తగ్గించింది. తగ్గించినందుకు అక్కడి పెద్ద ఆఫీసరమ్మకి మెచ్చుకోలు కూడా వచ్చింది. మాకు కేకు పంపింది."

— ఆ మిగిలిన ఇద్దరిలో రెండో ఆయన?

"రెండో ఆయన లేడండీ, ఆవిడ. మే నెల నుంచి ఆవిడా మీ దగ్గరే ఉంది."

— అంటే?

"మీ గీతలో."

"బాగా చెప్పావురా. మునిసిపాలిటీ ఈ జేబులో మిగిల్చింది, దేశం ఆ జేబులోంచి తీసింది. రెండు జేబులూ ఒకే చొక్కాకున్నాయని ఎవరికీ గుర్తు లేదు. అడుగు, ఇది రాసుకుందేమో అడుగు."

"రాసుకున్నారాండీ?"

— దానికి ఇందులో చోటు లేదండీ. నాకు మాత్రం అర్థమైంది.

"ఒరేయ్. ఒరేయ్ హల్వార్. కుక్క మొరిగింది. రెండోసారి. కిందికి తోలుకొస్తోంది."

— కుక్క అరుస్తోందా మీ దగ్గర?

"పక్కింటిదండీ."

— ఎటు నుంచి?

"ఏమిటండీ?"

— అదే, కుడి పక్కింటిదా, ఎడమ పక్కింటిదా?

"కుడి... ఎందుకండీ?"

— ఊరికే. మనిషి పరిసరాలు గమనిస్తున్నాడా లేదా అని చూడాలి మేము.

"కదలకు. మాట్లాడకు. అదిగో, ఆ ఎర్రటి పొదల వెనక. దుప్పి. అమ్మో, ఏం కొమ్ములురా అవి. దుప్పిరా, దుప్పి."

— ఏమన్నారు? దుప్పా?

"దుప్పటండీ, దుప్పటి. అక్క దుప్పటి కప్పుతోంది."

— పెద్దదా?

"ఏమిటి?"

— దుప్పటి.

"పెద్దదేనండీ. చాలా పెద్దది."

— ఎటు జరుగుతోంది?

"కాళ్ళ వైపు... డిసా గారూ, మనం ఇంకో గంటాగి మాట్లాడుకోవచ్చా? నాకు కొంచెం కళ్ళు తిరుగుతున్నాయి."

— ఒక్కటే మిగిలింది. ఒక్కటే. ఆ రోజు వంటింట్లో ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పాలి.

"వద్దురా. ఇప్పుడు కాదు. ఆ బిర్చి చెట్టు దాటనీ. దాటితే నా ఎదురుగా అడ్డంగా నిలబడుతుంది. నోరు ముయ్యి."

"ఇప్పుడే చెప్పాలాండీ?"

— వీలైతే.

"చెప్పకపోతే?"

— కాగితం మీద అక్కడ ఖాళీగా ఉంటుంది.

"ఖాళీగా వదిలితే మళ్ళీ పెట్టేస్తారక్కా వంటింట్లో నన్ను. నీకు తెలీదు."

"ముయ్యరా నోరు. చెట్టుకి ఇంకా ఇరవై అడుగులుంది."

"బళ్ళో చేపలు వండే రోజండీ అది."

"హల్వార్..."

"చేపల రోజు. పిల్లలంతా వరసలో నిలబడ్డారు. మేమిద్దరమే. తెల్లారగట్ల నాలుగింటికి మొదలుపెట్టాం. గరిటె నా చేతిలోనే ఉంది. ఒక చిన్నపిల్ల పళ్ళెం చాపింది. నేను గరిటె వంక చూశాను. దాంతో ఏం చెయ్యాలో తెలీలేదు. ఏళ్ళ తరబడి పట్టుకున్న గరిటేనండీ అది. ఆ పిల్ల 'హల్వార్, బంగాళాదుంపలు' అంది. బంగాళాదుంప అంటే ఏంటో తెలీలేదు నాకు. మాట తెలుసు, అదేంటో తెలీలేదు. ఎదురుగా గిన్నె నిండా ఉన్నాయి. వెనకవాళ్ళు నవ్వారు. నేను ఆట పట్టిస్తున్నాననుకున్నారు, నేనెప్పుడూ ఆట పట్టిస్తాను కాబట్టి. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నా చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుని తనే వడ్డించుకుంది. తర్వాత తన వెనకవాడికి వడ్డించింది. తర్వాత వాడి వెనక దానికి. నేను పక్కన నిలబడి ఏడ్చాను. పిల్లలందరి ముందూ. నేను సోమరిని కాదు డిసా గారూ. రేడియోలో అంటున్నారే, వాళ్ళని రమ్మనండి, ఒక్క చేపల రోజు వచ్చి నిలబడమనండి. నేను సోమరిని కాను. నాకు వంట ఇష్టం. ఆ పిల్లలంటే ఇష్టం. వెళ్ళాలనే ఉంది, ఆ వంటింటి తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తున్నాను. ఏం చెయ్యమంటారు నన్ను?"

— ఒక్క నిమిషం హల్వార్ గారూ.

"అరిచానా అక్కా?"

"అరిచావు."

"దుప్పి?"

"పోయింది. నువ్వు సోమరిని కాదన్న మొదటిసారికి తలెత్తి చూసింది. రెండోసారికి వాగు వైపు తిరిగింది."

"తప్పయిపోయిందక్కా."

"దుప్పి పోతే పోయింది, దాని మొహం. నెలల తరబడి ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావా? నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు ఏడుస్తావని."

"ఇప్పుడు ఏడవటం లేదా నేను? తుపాకీ గురి అద్దం తడిసిపోయింది. ఎదురుగా నిలబడినా కొట్టేదాన్ని కాదులే."

"రుమాలు ఇవ్వనా?"

"వద్దు. నీ రుమాల్లో ఎప్పుడూ రొట్టెముక్కలుంటాయి. ఏంట్రా... విన్నావా?"

"విన్నాను. తుపాకీ."

"వాగవతల. వాళ్ళే. మళ్ళీ వాళ్ళకే దొరికింది. ఈ ఏడు కూడా ఆ హాల్లో, ఆ కొమ్ముల కింద..."

"అక్కా, ఆగు. నాకు రెండుసార్లు వినబడింది."

"కొండకి తగిలి తిరిగొచ్చి ఉంటుంది."

"కాదు. ఒకటి ఈ చెవిలో వినబడింది. ఒకటి ఫోనున్న చెవిలో."

"ఏంటి?"

"డిసా గారూ? డిసా గారూ, ఉన్నారా?"

— ఉన్నానండీ.

"మీ మీటింగులో ఎవరో తుపాకీ పేల్చారండీ."

— ష్‌ఫ్.

"ఏమంది?"

"అవునంది."

"ఇలా తే ఫోను. ఏయ్ పిల్లా. నేను హల్వార్ అక్కని, మైవోర్‌ని. ఎవరమ్మాయివి నువ్వు?"

— రాగ్‌వాల్డ్ మనవరాలినండీ.

"ఏ రాగ్‌వాల్డ్? వాగవతలి జట్టు పెద్ద, కొమ్ముల రాగ్‌వాల్డేనా?"

— ష్‌ఫ్.

"ఆఫీసు ఎగ్గొట్టి వేటకొచ్చి, ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానంటావా?"

— ఎగ్గొట్టలేదండీ. ఈ వారం బయట నుంచి పనిచేస్తానని చెప్పాను, సరేనన్నారు. ఎంత బయట నుంచని ఎవరూ అడగలేదు.

"నోటికేం తక్కువ లేదు. తాత పోలికే."

"అక్కా, ఫోను ఇటివ్వు. డిసా గారూ, నేను మంచంలో లేనండీ."

— తెలుసండీ.

"మంచె మీదున్నాను. వేటకొచ్చాను. తుపాకీ అక్కది, అయినా వేటే. అబద్ధం చెప్పాను, అలాగే రాసుకోండి. కానీ వంటింటి సంగతి మాత్రం..."

— అది అబద్ధం కాదని నాకు తెలుసు హల్వార్ గారూ. మీరు చెప్తుంటే తుపాకీ దించేశాను. పేల్చింది తాతే. మా బుడ్డోడు మీ బళ్ళోనే తింటాడు. ఇంటికొచ్చి, హల్వార్ లేడమ్మా, బంగాళాదుంపలు బాగాలేవు అంటాడు.

"మరి... నా జీతం?"

— మీది శుక్రవారమే పొడిగించేశాను. డాక్టరు రాసింది స్పష్టంగా ఉంది, అడగాల్సిందేం లేదు. మంచు కరిగేదాకా ఆ తలుపు వైపు వెళ్ళక్కర్లేదు మీరు.

"పొడిగించారా?"

— ష్‌ఫ్.

"అక్కా. పొడిగించారట."

"విన్నాను. కూర్చో. కూర్చోరా, మంచె ఊగుతోంది. ఏడవకు, ఇద్దరం ఏడిస్తే బాగుండదు."

— మైవోర్ గారున్నారా? దుప్పి వాగులో పడిందండీ. తాతా నేనూ ఇద్దరమే ఉన్నాం. లాగడానికి సాయం కావాలి.

"వస్తాం. వేటలో సాయం అడిగితే రానన్నవాళ్ళు మా వంశంలో లేరు. కాకపోతే గుండెకాయ మాది, నాలుక మాది."

— నాలుక తాతని అడగాలి. గుండెకాయ ఇచ్చేస్తాను.

"డిసా గారూ, నేను లాగొచ్చాండీ? మళ్ళీ ఎవరైనా చూస్తే?"

— లాగండి. దుప్పిని వాగులోంచి లాగడం దేశంలో మామూలుగా దొరికే పని కాదు.

"పదక్కా."

"ఉండరా. నాకొకటి కుదరడం లేదు. ఏమ్మా డిసా, శుక్రవారమే పొడిగించేస్తే ఇవాళ ఈ ఫోనెందుకు చేశావు?"

— చెయ్యక తప్పదండీ. పొడిగించినా సరే, అందరికీ ఫోను చెయ్యాలని రాజధాని ఆదేశం. ఖర్చు పెరిగింది కదా.

"బాగానే ఉంది. మరి వేట మొదటి రోజు, సరిగ్గా దుప్పి మా మంచె కిందికొచ్చే వేళకి మావాణ్ణి మాట్లాడించమని కూడా రాజధానే చెప్పిందా?"

— లేదండీ. అది మా తాత.